ముందు నునుపు, వెనకే పవర్: పాత మియాటా కొన్న ఉద్యోగులకు

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, ఆఫీసుకీ పిల్లల బడికీ ఒక నమ్మకమైన కారు పెట్టుకుని, వారాంతాల కోసం పాత మాజ్డా మియాటా ఒకటి కొనుక్కున్నవాళ్ల కోసం ఈ వ్యాసం. రెండే సీట్లు, తెరుచుకునే పైకప్పు, వెనక చక్రాలకు పవర్, వెయ్యి కిలోలకు అటూ ఇటూ బరువు. ఇష్టపడి కొన్న కారే. అయినా కొన్న కొద్ది రోజులకే చాలామంది నోట రెండు మాటలు వినిపిస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది. ఫ్రీవే ర్యాంప్ ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా పికప్ రావడం లేదు.

ఇవి రెండు వేర్వేరు జబ్బులనుకుని వణుక్కి కొత్త మౌంట్లు, పికప్‌కి కొత్త ఇన్‌టేక్ పైపు ఆర్డర్ పెట్టేస్తారు. ముప్పై ఏళ్ల ఇంజిన్‌లో ఈ రెండూ చాలావరకు ఒకే జబ్బు. నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తే ఇంజిన్ నునుపుగా ఆడుతుంది. నాలుగూ సమానంగానే కాక పూర్తిగా పనిచేస్తే పవర్ వస్తుంది. ఒక్కటి వెనకబడినా వణుకు మొదలవుతుంది, పికప్పూ తగ్గుతుంది. అందుకని పోయిన పవర్‌ను ముందు రాబట్టుకోండి, కొత్త పవర్ కొనడం గురించి ఆ తర్వాత ఆలోచించండి. రాబట్టుకునే దశలో నునుపూ పవరూ కలిసి పెరుగుతాయి. ఆ దశ దాటాక ఒకటి పెరగాలంటే రెండోది కొంత వదులుకోవాల్సి వస్తుంది. ఆ హద్దు ఎక్కడుందో తెలిస్తే మీ డబ్బూ, మీ శనివారాలూ రెండూ మిగులుతాయి.

మీ దగ్గరున్నది ఏ ఇంజిన్?

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనం ముందుకు వచ్చిన ఈ కారు హిరోషిమాలో తయారైంది. పైకి లేచే హెడ్‌లైట్లున్న మొదటి తరాన్ని ఎన్‌ఏ అంటారు. అమెరికాలో 1990 నుంచి 1997 మోడళ్ల దాకా అదే. 1990–93 మోడళ్లలో 1.6 లీటర్ ఇంజిన్ ఉంటుంది. కంపెనీ చెప్పిన లెక్క 6,500 ఆర్‌పీఎం దగ్గర 116 హార్స్‌పవర్. 1994లో 1.8 లీటర్ వచ్చింది. మొదట 128, 1996 నుంచి 133 హార్స్‌పవర్. అన్నీ రెండు క్యామ్‌షాఫ్టులు, పదహారు వాల్వులు ఉన్న ఇంజిన్లే.

పనిలోకి దిగేముందు మూడు తేడాలు గుర్తుంచుకోండి. 1.6లో లోపలికి వెళ్లే గాలిని ఒక రేకు తలుపు కొలుస్తుంది, 1.8లో వేడి తీగ కొలుస్తుంది. 1996 నుంచి వచ్చిన కార్లకు ఓబీడీ–2 పోర్టు ఉంటుంది, చవక స్కానర్ పెట్టినా లోపలి సంగతులు చెబుతుంది. అంతకు ముందువాటికి హుడ్ కింద ‘డయాగ్నోసిస్’ అని రాసిన చిన్న పెట్టె ఉంటుంది. అందులో టెన్, గ్రౌండ్ అనే రెండు రంధ్రాలను చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మిణుకుల లెక్కలో కోడ్ చెబుతుంది. మూడోది ముఖ్యం. ఎన్‌ఏ తరంలో నాక్ సెన్సర్ లేదు. ఇంజిన్ లోపల ఇంధనం అకాలంలో పేలుతుంటే కంప్యూటర్‌కు తెలియదు, మీ చెవికే తెలియాలి. ఇగ్నిషన్ టైమింగ్ సంగతి వచ్చినప్పుడు ఈ మాట అక్కరకొస్తుంది.

మొదటి శనివారం రెంచీ పట్టుకోకండి

ఒక నోటుపుస్తకం కొనండి. ఏ రోజు ఏ భాగం ముట్టుకున్నారో, ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో అందులో రాయండి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే వణుకు పోయినా ఏది పనిచేసిందో తెలియదు, పోకపోతే ఏది చెడగొట్టిందో అసలే తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేవాళ్లకు ఈ క్రమశిక్షణ కొత్త కాదు. కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరూ దాన్ని మరిచిపోతారు.

మొదట వణుకు ఎక్కడిదో తేల్చాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, కారు కదలకుండా, న్యూట్రల్‌లో చూడండి. ఐడ్లింగ్ 850 ఆర్‌పీఎం దగ్గర, ఒక యాభై అటూ ఇటూగా నిలకడగా ఉండాలి. అక్కడే వణుకుతుంటే తప్పు ఇంజిన్‌దో దాని మౌంట్లదో. నిలబడి ఉన్నప్పుడు బాగుండి గంటకు అరవై, డెబ్బై మైళ్ల దగ్గర మాత్రమే వణికితే, ఆ వేగంలో ఒక్క క్షణం క్లచ్ నొక్కి చూడండి. ఆర్‌పీఎం పడిపోయినా వణుకు తగ్గకపోతే అది టైర్లు, చక్రాల బ్యాలెన్స్, డ్రైవ్‌షాఫ్టుల వైపు నుంచి వస్తోంది. మియాటా చక్రాల బ్యాలెన్స్‌కి చాలా సున్నితం. టైరు షాపులో తీరిపోయే పనికి ఇంజిన్ విప్పకండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే కుదుపు వస్తుంటే అనుమానం మొదట ఇగ్నిషన్ వైర్ల మీద పెట్టుకోండి.

కంప్రెషన్: మిగతావన్నీ దీని తర్వాతే

ఇంజిన్ ఆరోగ్యం తెలియకుండా దాని మీద డబ్బు పెట్టకూడదు. కంప్రెషన్ గేజిని ఆటోజోన్, ఓరైలీ వంటి దుకాణాలు డిపాజిట్ తీసుకుని ఇస్తాయి, తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఇంజిన్‌ని వేడెక్కించి, ఆపి, ఒక పది నిమిషాలు చల్లారనివ్వండి. ఇంజెక్టర్ల కనెక్టర్లు, కాయిల్ కనెక్టరు ఊడదీయండి. నాలుగు ప్లగ్గులూ తీసేయండి. లోపల ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని స్టార్టర్ తిప్పుతుంటే ఒక్కో సిలిండరు దగ్గరా కొలవండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి.

1.6 ఇంజిన్‌కి కంపెనీ ప్రమాణం సుమారు 190 పీఎస్‌ఐ, కనిష్ఠం 134. 1.8లో ఈ అంకెలు కాస్త తక్కువ. ఏ ఇంజిన్‌లోనైనా సిలిండర్ల మధ్య తేడా అసలు అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. అది 28 పీఎస్‌ఐ దాటకూడదు. నాలుగూ 170 దగ్గర ఉన్న ఇంజిన్, మూడు 185, ఒకటి 140 ఉన్న ఇంజిన్ కన్నా నునుపుగా ఆడుతుంది. ఒకటి తగ్గితే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించండి.

అంకెలు బాగుంటే సంతోషించండి, ఇక మీదట చేసే పనులన్నీ ఫలిస్తాయి. బాగాలేకపోతే ప్లగ్గుల మీదా పైపుల మీదా ఒక్క డాలరు కూడా పెట్టకండి. ఆ డబ్బు ఇంజిన్ పనికి దాచండి.

నిప్పు: వైర్లు, ప్లగ్గులు, కాయిల్

ఈ కార్లలో వణుక్కీ కుదుపుకీ కారణాల్లో ప్లగ్ వైర్లది పెద్ద వాటా. చూడటానికి బాగానే ఉంటాయి, లోపల నిరోధం పెరిగిపోతుంది. ఐడ్లింగ్‌లో పెద్దగా తెలియదు కానీ గేరులో గట్టిగా తొక్కినప్పుడు నిప్పు ప్లగ్గు దాకా చేరకుండా దారిలోనే లీకవుతుంది. రాత్రి చీకట్లో హుడ్ ఎత్తి ఇంజిన్ ఆడుతుండగా చూడండి. వైర్ల మీద నీలి మెరుపులు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. వైర్ల వయసు మీకు తెలియకపోతే, కారు చేతికొచ్చిన మొదటి నెలలోనే మంచి రకం సెట్టు వేయడం తెలివైన ఖర్చు.

ప్లగ్గులు తీసినప్పుడు వాటిని 1, 2, 3, 4 వరుసలో ఒక అట్ట మీద పేర్చండి. లేత గోధుమ రంగు మంచిది. నల్ల మసి పడితే ఇంధనం ఎక్కువైంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ చేరుతోంది. ప్లగ్గు గుంటలోనే ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోందన్నమాట. ఆ ఆయిల్ వైరు రబ్బరును తినేస్తుంది. గ్యాస్కెట్ మార్చకుండా కొత్త వైర్లు వేస్తే అవీ త్వరగా పోతాయి. గ్యాప్ 1.1 ఎంఎం దగ్గర ఉండాలి. హెడ్ అల్యూమినియం కాబట్టి కొత్త ప్లగ్గును ముందు చేత్తోనే తిప్పి మరలు పట్టించండి, చివరి బిగింపుకే సాకెట్ వాడండి.

కాయిల్ సంగతిలో ఒక చక్కని ఆధారం ఉంది. ఈ ఇంజిన్‌లో ఒక కాయిల్ 1, 4 సిలిండర్లకు, ఇంకొకటి 2, 3 సిలిండర్లకు కలిపి నిప్పు ఇస్తాయి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టరును తీసి మళ్లీ పెట్టండి. మంచి సిలిండర్‌ది తీస్తే ఆర్‌పీఎం తగ్గుతుంది. తీసినా ఏ మార్పూ లేదంటే ఆ సిలిండర్ అంతకుముందు నుంచే పనిచేయడం లేదు. 1, 4 రెండూ కలిసి చచ్చిపడి ఉంటే కాయిల్‌ను చూడండి. ఒక్కటే అయితే దాని వైరు, ప్లగ్గు, ఇంజెక్టర్. ఈ పరీక్షకు ప్లగ్ వైరు ఊడదీయకండి. షాక్ కొడుతుంది, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది.

గాలి, పెట్రోలు, కొలిచే సెన్సర్లు

గాలి కొలిచే సెన్సర్ దాటిన తర్వాత దొంగచాటుగా లోపలికి వచ్చే గాలి ఐడ్లింగ్‌కి పెద్ద శత్రువు. 1.6లో గాలి కొలిచే పెట్టె నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే పెద్ద రబ్బరు పైపు మడతల్లో చీలికలు వస్తాయి. పైపును వంచి చూస్తేనే కనపడతాయి. సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలు ఎండి బిరుసెక్కుతాయి. ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తెరవండి. ఇంజిన్ తడబడాలి. ఏ తేడా రాకపోతే లోపలికి గాలి అప్పటికే ఎక్కడి నుంచో వస్తోందని అనుమానించండి. లీకు వెతకడానికి మండే స్ప్రేలు వేడి ఎగ్జాస్ట్ దగ్గర కొట్టడం ప్రమాదం. దగ్గర్లోని గ్యారేజీలో స్మోక్ టెస్ట్ చేయించండి, పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడే చీలిక.

థ్రాటిల్ రేకు చుట్టూ పేరుకున్న మసిని దానికోసమే అమ్మే క్లీనర్‌తో తుడవండి. ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు చవక, అనుమానముంటే మార్చేయండి. ఆ తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. 1.6 మాన్యువల్ గేరు కార్లలో ఇది కేవలం రెండు స్విచ్చులు. పాదం తీసినప్పుడు ఒకటి, పూర్తిగా తొక్కినప్పుడు ఒకటి కంప్యూటర్‌కు చెబుతాయి. మొదటిది తప్పితే ఐడ్లింగ్ ఎగసిపడుతుంది. రెండోది పలకకపోతే పూర్తిగా తొక్కినా కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, కావాల్సినంత పెట్రోలు ఇవ్వదు. ‘పైన దమ్ము లేదు’ అనే ఫిర్యాదుకు కారణం కొన్నిసార్లు సరిగా బిగించని ఈ చిన్న సెన్సరే. మల్టీమీటర్‌తో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఆక్సిజన్ సెన్సర్ కాలంతో మందగిస్తుంది, మైలేజీ పడిపోతుంది. కంప్యూటర్‌కు ఇంజిన్ వేడి చెప్పే సెన్సర్ తప్పు చెప్పినా, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినా, కంప్యూటర్ ‘ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది’ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఫ్యూయల్ ఫిల్టర్ కారు వెనక భాగంలో, కింద ఉంటుంది. కనపడదు గనుక ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది మూసుకుపోతే ఊళ్లో బాగానే ఉంటుంది, ఫ్రీవే మీద ఊపిరాడదు. మార్చేముందు లైనులో ఒత్తిడి తీసేయాలి, బ్యాటరీ విప్పాలి. బ్యాటరీ ట్రంకులో ఉంటుంది. అక్కడ మామూలు బ్యాటరీ పెట్టకూడదు, యాసిడ్ చిందని ఏజీఎం రకం మేలు. ఇంజెక్టర్లు మసిపట్టాయనిపిస్తే ముందు పీఈఏ అనే పదార్థం ఉన్న క్లీనర్‌ను ట్యాంకులో పోసి చూడండి. చాలకపోతే వాటిని విప్పి అల్ట్రాసోనిక్ శుభ్రతకు పంపండి. నాలుగూ సమానంగా చల్లుతున్నాయో లేదో కొలిచి రాసిస్తారు. నునుపుకి ఆ సమానతే కీలకం.

ఐడ్లింగ్‌లో పైనుంచి టిక్ టిక్ మనే చప్పుడు వస్తే కంగారు పడకండి. ఎన్‌ఏ ఇంజిన్లలో వాల్వుల సందును ఆయిల్ ఒత్తిడితో సరిచేసుకునే హైడ్రాలిక్ అడ్జస్టర్లు ఉంటాయి. ఆయిల్ పాతబడినా, కారు చాలా రోజులు కదలకుండా ఉన్నా అవి చప్పుడు చేస్తాయి. మంచి ఆయిల్ వేసి కొంతకాలం నడిపితే ఎక్కువసార్లు సద్దుమణుగుతుంది.

టైమింగ్: ముందు బెల్ట్, తర్వాత ఇగ్నిషన్

టైమింగ్ బెల్ట్ అమెరికాలో 60,000 మైళ్లకు మార్చాలి. ఈ ఇంజిన్లలో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్‌లకు తగలవు, అది అదృష్టం. కానీ బెల్ట్ వేసినప్పుడు ఒక్క పన్ను తప్పినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, పవర్ మాత్రం పోతుంది. పాత యజమాని బెల్ట్ మార్పించిన నాటి నుంచే కారు మందంగా ఉందని తెలిస్తే, పై కవర్ తీసి చూడండి. రెండు క్యామ్ పుల్లీల మీద ఉన్న ఐ, ఈ గుర్తుల మధ్య 19 పళ్లు ఉండాలి. ఆ లెక్క తప్పితే మీ పవర్ దొరికినట్టే. బెల్ట్ మార్చేటప్పుడే వాటర్ పంపు, ముందువైపు ఆయిల్ సీళ్లు కూడా మార్పించండి, కూలీ ఒక్కసారే అవుతుంది.

1990, 1991 తొలి కార్లలో ఇంకో సంగతి చూసుకోవాలి. వాటి క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిది. దాని మీద పుల్లీ సరిగా బిగించకపోతే ఊగి ఊగి కీ గాడిని తినేస్తుంది. పుల్లీలో నాలుగు చీలికలుంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే తర్వాతి పొడుగు ముక్కు. ఇంజిన్ ఆడుతుండగా పుల్లీ ఊగుతూ తిరుగుతుంటే ఆ కారును నడపడం ఆపి, తెలిసిన మెకానిక్‌కు చూపించండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఇగ్నిషన్ టైమింగ్. ఇక్కడ దాదాపు ఖర్చు లేకుండా కొంత పికప్ దొరుకుతుంది. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి, డయాగ్నోసిస్ పెట్టెలో టెన్, గ్రౌండ్ కలిపి, ఐడ్లింగ్ 850కి తెచ్చి, టైమింగ్ లైటును మొదటి సిలిండర్ వైరుకు తగిలించండి. కంపెనీ అమరిక 10 డిగ్రీలు. ముప్పై ఏళ్ల చేతుల మార్పులో అది ఆరుకో ఏడుకో జారిన కార్లు ఉంటాయి. అలా ఉంటే పదికి తెస్తేనే తేడా కాలికి తెలుస్తుంది. ఇంజిన్ హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టు వదులు చేసి, సెన్సరును కొద్దికొద్దిగా తిప్పుతూ గుర్తును చూడాలి. బిగించాక మళ్లీ కొలిచి, చివర్లో పెట్టెలోని వైరు తీసేయండి. ఆ సెన్సర్ కిందుగా ఆయిల్ కారుతుంటే దాని ఓ–రింగ్ మార్చడానికి ఇదే సమయం.

చాలామంది యజమానులు దీన్ని 14 డిగ్రీల దాకా పెంచుతారు. మధ్య ఆర్‌పీఎంలో చురుకుదనం వస్తుంది. ఈ కారు 87 ఆక్టేన్ పెట్రోలు కోసం తయారైంది. టైమింగ్ పెంచితే 91 లేదా పైది పోయక తప్పదు. నాక్ సెన్సర్ లేదని ముందే చెప్పాను. డాలస్, ఫీనిక్స్ ఎండల్లో, పై గేరులో తక్కువ ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కినప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వస్తే వెంటనే టైమింగ్ తగ్గించండి. ఆ చప్పుడును భరిస్తూ నడిపితే పిస్టన్లు పోతాయి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. అక్కడి స్మాగ్ తనిఖీలో టైమింగ్ కూడా చూస్తారు, వెళ్లేముందు పదికి తెచ్చుకోండి.

ఇంజిన్ మీద లేని నేరం మోపకండి

ఇంజిన్ బాగున్నా వణుకు మిగిలితే రెండు రబ్బరు మౌంట్లను చూడండి. వయసుకు కుంగిపోతాయి. కారు నిలబెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలినప్పుడు గేరు రాడ్డు బాగా ఊగితే అవి అరిగినట్టే. రేసుల కోసం అమ్మే గట్టి మౌంట్లు వేస్తే ఇంజిన్ కదలిక తగ్గుతుంది కానీ ప్రతి కంపనం సీటులోకి వస్తుంది. రోజువారీ నడకకు మామూలు మెత్తటివే మంచివి. ఇలాంటి నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు పుట్టుకతోనే కొంత కంపనం ఉంటుంది, దాన్ని రద్దుచేసే బ్యాలెన్స్ షాఫ్టులు ఇందులో లేవు. పై ఆర్‌పీఎంలో వచ్చే సన్నటి అదురు జబ్బు కాదు. దాన్ని పోగొట్టాలని భాగాలు మార్చుకుంటూ పోకండి.

పికప్ విషయంలో బ్రేకులనూ అనుమానించాలి. వెనక చక్రాల కాలిపర్లు తుప్పుపట్టి పూర్తిగా వదలకపోవడం ఈ కార్లలో మామూలే. కొంత దూరం బ్రేకు తక్కువ వాడుతూ నడిపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తగలకుండా వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా మండుతుంటే మీ పవర్ అక్కడే కరిగిపోతోంది. టైర్లలో గాలి, చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించండి.

బరువు లెక్క కూడా చిన్నది కాదు. మీతో కలిపి కారు సుమారు 2,350 పౌండ్లు అనుకుంటే, ట్రంకులో పేరుకున్న యాభై పౌండ్ల సామాను తీసేయడం వేగం పుంజుకోవడంలో రెండున్నర హార్స్‌పవర్ కలిపినంత పని. దీనికి ఖర్చు లేదు, కారు నునుపూ పోదు.

హద్దు దాటాక

ఇంతవరకు చేసిన పనులన్నీ కారును కంపెనీ గేటు దాటిన రోజుకు దగ్గర చేస్తాయి. ఇక్కడ ఆగి, ఒక నెల నడపండి. చాలామందికి ఇది చాలు. ఇంకా కావాలంటే ఏది ఇస్తే ఏది వస్తుందో తెలుసుకుని దిగండి.

కొత్త ఇన్‌టేక్ పైపు, ఎగ్జాస్ట్, హెడర్ చప్పుడును ఎక్కువగా, పవర్‌ను కొద్దిగా పెంచుతాయి. ఫ్రీవే మీద గంటసేపు ఆ మోత మీకు ఇష్టమేనా, పక్క సీట్లో కూర్చునేవారికి ఇష్టమేనా అడిగి చూడండి. తేలిక ఫ్లైవీల్ వేస్తే ఇంజిన్ చకచకా లేస్తుంది, ఐడ్లింగ్ మాత్రం కరుకవుతుంది. ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లేవారికి అది నష్టమే. 1.6 కారులో 1.8 ఇంజిన్ వేయడం తెలిసిన దారి, పెద్ద మార్పులు లేకుండా కూర్చుంటుంది. సూపర్‌చార్జర్, టర్బో నిజంగా పవర్ ఇస్తాయి. ఈ కార్ల మీదే పనిచేసే కొలరాడోలోని ఫ్లయిన్ మియాటా వంటి సంస్థల పేరు అందుకే వినిపిస్తుంది. కానీ టర్బోతో పాటు ఇంధనాన్ని, టైమింగ్‌ను సరిగా నడిపే కంప్యూటర్, మంచి రేడియేటర్, క్లచ్ కావాలి. 1.6 కార్ల వెనక డిఫరెన్షియల్ చిన్నది, ఎక్కువ పవర్‌ను తట్టుకోదు, దాన్నీ మార్చాల్సి వస్తుంది. కంప్రెషన్ బాగాలేని ఇంజిన్‌కు టర్బో పెడితే మిగిలేది రెండో ఇంజిన్ ఖర్చే. మీ రేడియేటర్ పైన ఉన్న నల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే, ఏ పవర్ పనికన్నా ముందు దాన్ని మార్చండి. అది పగలడానికి సిద్ధంగా ఉంది.

చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, ఉద్గార నియంత్రణ భాగాలను పనిచేయకుండా చేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకు ఉద్గార పరీక్ష లేకపోవచ్చు, ఆ చట్టం మాత్రం అక్కడా వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఇంజిన్‌కు తగిలించే భాగానికి రాష్ట్ర గాలి నాణ్యతా సంస్థ కార్బ్ ఇచ్చిన అనుమతి (ఈఓ) నంబరు ఉందో లేదో కొనేముందే చూడండి.

ఉద్యోగం చేస్తూ ఈ పని ఎలా?

మొదటి నియమం: ఆఫీసుకు వెళ్లడానికి ఈ కారు ఒక్కటే దిక్కు కాకూడదు. రెండోది: ఏ పని మొదలుపెట్టినా ఆదివారం సాయంత్రానికి కారు మళ్లీ కదిలేలా ముక్కలు చేసుకోండి. కొత్త భాగాలు చేతికి రాకుండా పాతవి విప్పకండి. ఒక వారం కంప్రెషనూ ప్లగ్గులూ, తర్వాతి వారం గొట్టాలూ థ్రాటిలూ, ఆ తర్వాత ఫిల్టర్, ఆపైన టైమింగ్. ఇలా నెలా నెలన్నరలో మొత్తం పూర్తవుతుంది. ప్రొడక్షన్ రిలీజ్ ఉన్న వారంలో రెంచీ పట్టకండి. అలసటలో వదులుగా వదిలిన బోల్టు ఫ్రీవే మీద తేలుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు చదవండి. పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని చాలావాటిలో ఉంటుంది. ఇల్లున్న స్నేహితుడి గ్యారేజీ అడగడం మేలు. కారు కిందికి వెళ్లేటప్పుడు జాకీని నమ్మకండి, స్టాండ్ల మీద నిలబెట్టి, తోసి చూసి, ఆ తర్వాతే దూరండి. వేసవిలో తారు మెత్తబడి స్టాండు కుంగుతుంది, కింద మందపాటి ప్లైవుడ్ వేయండి. వేడి ఇంజిన్ రేడియేటర్ మూత తెరవకండి. పెట్రోలు లైను విప్పే రోజు మంటలార్పే సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

చేయి తిరిగాక ఇతరుల కార్లు కూడా చేసి నాలుగు డాలర్లు తీసుకుందామనిపిస్తుంది. హెచ్1బీ మీద ఉన్నవారు ఆ పని చేయకూడదు. వీసా స్పాన్సర్ చేసిన యజమాని దగ్గర తప్ప డబ్బు తీసుకుని చేసే పని ఏదైనా అనుమతి లేని ఉద్యోగమే. సొంత కారు మీద పని, స్నేహితుడికి ఊరికే చేసే సాయం వేరు.

మెకానిక్‌కు ఇవ్వాల్సి వస్తే ‘ట్యూనప్ చేయండి’ అనకండి. లక్షణం చెప్పండి. ‘వేడెక్కాక ఐడ్లింగ్ 650కి పడుతోంది, మూడో సిలిండర్ ఇంజెక్టర్ తీసినా తేడా లేదు, కంప్రెషన్ ఇంత వచ్చింది’ అనండి. నోటుపుస్తకం చూపించండి. గంటల లెక్కన డబ్బు తీసుకునే చోట మీరు ముందే తేల్చిన ప్రతి విషయం ఒక బిల్లు తగ్గిస్తుంది. పాత భాగాలు వెనక్కి ఇమ్మని పని మొదలయ్యేముందే చెప్పండి.

ఎక్కడ ఆపాలన్నది కూడా ముందే రాసుకోండి. కంప్రెషన్ సమానంగా ఉండి, ఐడ్లింగ్ 850 దగ్గర నిలిచి, టైమింగ్ సరిగ్గా ఉండి, ఏ గేరులో తొక్కినా కుదుపు లేకుండా ఏడు వేల దాకా లేస్తుంటే మీ ఇంజిన్ చేయగలిగింది చేస్తోంది. అప్పటికీ తృప్తి లేదంటే తర్వాతి డబ్బును మంచి టైర్లకు, షాక్ అబ్జార్బర్లకు పెట్టండి. ఈ కారును తయారుచేసినవాళ్లు తక్కువ బరువు మీద నమ్మకం పెట్టారు. 116 హార్స్‌పవర్‌తోనే ఇది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వంశానికి మూలమైంది. మలుపులో వేగం నిలుపుకునే కారుకు మలుపు దాటాక అంత పవర్ అవసరం పడదు. నోటుపుస్తకాన్ని మాత్రం పారేయకండి. రేపు కారు అమ్మాల్సి వచ్చినప్పుడు, కంప్రెషన్ అంకెలు, బెల్ట్ మార్చిన మైలేజీ, వేసిన ప్రతి భాగం తేదీలతో ఉన్న ఆ పుస్తకం కొనేవాడికి ఇంజిన్ చప్పుడు కన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది, మీకు న్యాయమైన ధర తెచ్చిపెడుతుంది.